వాకిట్లోకి వచ్చిన కుంపటి

ఒడిశాలో గంజాం ఊరు దాటి, రుషికుల్యా నది సముద్రంలో కలిసే మొగ వైపు నడిస్తే జాలర్ల పేట ఒకటి వస్తుంది. ఆ పేటలో పడుచువాళ్ళెవరిని కదిపినా, పుట్టాక మొదటి స్నానం కాసమ్మ కాళ్ళ మీదే చేశామంటారు. గుర్తుండి చెప్పే మాట కాదది. కాసమ్మ వాళ్ళని మరిచిపోనివ్వదు. పెళ్ళికొడుకు పీటల మీద కూర్చుని ఉన్నా సరే, దగ్గరికి వెళ్ళి గడ్డం పట్టుకుని, "నీకు నలుగెట్టింది ఈ సేతులేరా, అప్పుడూ మూతి ఇలాగే ముడిసినావు" అని నలుగురికీ వినబడేలా అని వస్తుంది. పెళ్ళికూతురు నవ్వు ఆపుకోలేక తల దించుకుంటుంది. పెళ్ళికొడుకుకు ఆ పూట ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మనిషి భారీ. గొంతు అంతకంటే భారీ. ఆమె నిద్రపోయాకే తనకు సముద్రం హోరు వినబడుతుందని భర్త కూర్మయ్య అంటుంటాడు. ఆమె ఎదురుగా అనడు, అంత ధైర్యం ఆయనకు లేదు.

కాసమ్మ పురుళ్ళు పోసే మనిషి కాదు. కాన్పులిప్పుడు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి. పురుడు పోసుకుని ఇంటికి వచ్చిన తల్లినీ బిడ్డనీ చూసుకోవడం ఆమె పని. చిన్న పీట వేసుకుని, రెండు కాళ్ళూ బారచాపి, బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని నూనె మర్దనా మొదలుపెట్టిందంటే, ఏడ్చే పిల్ల కూడా కాసేపటికి కళ్ళు మూసుకుని మత్తుగా పడుకుంటుంది. నీళ్ళ వేడి మోచేత్తో చూస్తుంది. చేతులు ఆ పని చేస్తుంటే నోరు మరో పని చేస్తుంటుంది. ఆ బిడ్డ తాత ఏ తుఫానులో వల పోగొట్టుకున్నాడో, నాయనమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఎన్నిసార్లు అలిగి పుట్టింటికి వెళ్ళిందో, అన్నీ ఆ పసిగుడ్డుకు చెబుతుంది. ఆ ఇంటివాళ్ళు గుమ్మం దగ్గర చేరి, తమ ఇంటి గుట్టు రట్టవుతుంటే నవ్వుతూ వింటారు.

ఇక కుంపటి సంగతి. బాలింతకు చలిగాలి సోకకూడదని పురిటి గది తలుపులు మూసి, నులక మంచం కింద నిప్పుల కుంపటి పెట్టడం ఆ పేటలో తరాల నాటి అలవాటు. నడుముకు కాపడం, బిడ్డకు వెచ్చదనం, రెండూ దాంతోనే. అందరూ పెడతారు గానీ కాసమ్మ కుంపటికున్న పేరు వేరు. సరుగుడు బొగ్గు తప్ప మరొకటి ముట్టదు. వాకిట్లోనే రాజేసి, విసనకర్రతో విసిరి విసిరి, పొగంతా పోయి బొగ్గులు ఎర్రగా మెరిసేదాకా లోపలికి తీసుకెళ్ళదు. తన పురిటి గదిలో ఒక్క బాలింత కూడా కన్ను నులుముకోలేదని ఆమె గొప్ప. పొగ పోయిన నిప్పు చంటిపిల్ల పక్కన పెట్టినా భయం లేదని ఆమె నమ్మింది. ఆమె తల్లీ అలాగే నమ్మింది.

అప్పట్లో వాళ్ళది తాటాకు ఇల్లు. మట్టి గోడల నిండా బీటలు, కప్పు నిండా కన్నాలు. సముద్రపు గాలి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు నుంచి పోయేది. ఆ గాలిని తిట్టుకుంటూనే కాసమ్మ జీవితం చాలావరకు గడిచింది. కొడుకు రవి సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసి కూడబెట్టి, రెండేళ్ళ కిందట స్లాబు ఇల్లు కట్టించాడు. పక్కకు జరిపే అద్దాల కిటికీలు, ఒక్కసారి తోస్తే గట్టిగా పట్టేసే తలుపులు. ఇంటికి వచ్చినవాళ్ళందరినీ కాసమ్మ లోపలికి తీసుకెళ్ళి, తలుపులన్నీ మూసి, అగ్గిపుల్ల గీసి చూపించేది. మంట ఇటు అటు కదలడం లేదు చూడండి, చీమకు కూడా దారి లేదు అని మురిసిపోయేది. చూసినవాళ్ళు ఔనౌనని తలలూపేవాళ్ళు.

ఆ ఇంట్లో మొదటి పురుడు ఆమె చిన్న కూతురు గాయత్రిది. కార్తీకమాసంలో బరంపురం పెద్దాసుపత్రిలో గాయత్రికి ఆడపిల్ల పుట్టింది. అల్లుడు అర్జున్ కేరళలో చేపల కంపెనీలో పనిచేస్తున్నాడు, పేరు పెట్టే రోజుకు వస్తానన్నాడు. ఊరందరి పిల్లలకూ నీళ్ళు పోసిన కాసమ్మకు సొంత కూతురి బిడ్డ చేతికొచ్చిన రోజు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆటోలో బరంపురం నుంచి వస్తున్నంతసేపూ డ్రైవరుకు పిల్ల ముక్కు తన ముక్కేనని ఒడియాలో చెబుతూనే ఉంది. డ్రైవరు వెనక్కి తిరిగి చూసి ఔననేదాకా వదల్లేదు.

వాళ్ళు ఇంటికి వచ్చిన మర్నాడే అల్పపీడనం పట్టుకుంది. పడవలన్నీ ఒడ్డుకెక్కాయి. వాన ఏటవాలుగా కొడుతుంటే చలి ఎముకల్లోకి దిగుతోంది. పొద్దున్నే కాసమ్మ వరండాలో కుంపటి రాజేసింది. ఎప్పటిలాగే పొగంతా పోయేదాకా విసిరి, నిప్పులు పట్టుకెళ్ళి గాయత్రి మంచం కింద పెట్టింది. కిటికీలు జరిపి మూసింది. తలుపు తోసింది. తానూ గోడకు చేరగిలబడి, పిల్లను ఒళ్ళో వేసుకుని కబుర్లు మొదలెట్టింది. కూర్మయ్య వరండాలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

కాసేపటికి గాయత్రి తల నొప్పిగా ఉందంది. కాసమ్మ తలకు గుడ్డ బిగించి కట్టింది. ఇంకొంతసేపటికి కడుపులో తిప్పుతోందంది. ఎక్కడో గాలి దూరుతోందని కాసమ్మ అనుమానపడి, తలుపు కింద సందులో గోనెపట్టా కుక్కింది. ఒక్కసారి కిటికీ తీయవా అమ్మా అని గాయత్రి అడిగింది. బాలింతకు గాలేటే, మతిపోయిందేటి అని కసిరింది. తన తలా దిమ్మెక్కినట్టే ఉంది. పొద్దున్నుంచీ ఏమీ తినకపోవడం వల్లేమో అనుకుంది. ఒళ్ళో పిల్ల పాలకు లేవకుండా పడుకుంటే, వెచ్చగా ఉండి హాయిగా నిద్రపోతోందని సంతోషించింది కూడా. కూతురికి నొప్పి ఎక్కువయ్యే కొద్దీ గదిని ఇంకా ఇంకా బిగించింది. ప్రేమ కొద్దీ చేసిన పని. ఆ ప్రేమే ముగ్గురి ప్రాణాలూ తీసి ఉండేది.

ఆ తర్వాత ఏం జరిగిందో కూర్మయ్య చెబితేనే ఆమెకు తెలిసింది. లోపలి నుంచి వస్తున్న మాటలు ఉన్నట్టుండి ఆగిపోయాయట. మొదట ఆయన సంబరపడ్డాడు. ఇన్నేళ్ళకు చెవులకు సెలవు దొరికిందని బీడీ వెలిగించుకున్నాడు. బీడీ సగం కూడా కాలలేదు, ఆ నిశ్శబ్దం ఆయనకు మింగుడు పడలేదు. కాసమ్మ నిద్రపోయిందనుకుందామన్నా, నిద్రపోతే గురక ఉండాలి. "ఒలే కాసీ" అని పిలిచాడు. తిట్టు కూడా రాలేదు. దాంతో ఆయన వల పక్కన పారేసి లేచి, భుజంతో తలుపు నెట్టాడు. గోనెపట్టా అడ్డుపడింది, ఇంకా గట్టిగా నెట్టాడు.

మంచం మీద గాయత్రి, గోడ పక్కన కాసమ్మ, ఆమె ఒళ్ళో పిల్ల. ఎవరిలోనూ కదలిక లేదు. పిల్లను లాక్కుని బయటికొచ్చి పక్కింటి చిట్టమ్మ చేతిలో పెట్టాడు. గాయత్రిని ఎత్తుకొచ్చి వరండాలో పడుకోబెట్టాడు. కాసమ్మను లాగడానికి మాత్రం ఇంకో ఇద్దరు మగవాళ్ళు కావలసి వచ్చారు. ఈ ముక్క ఆయన టీ కొట్టు దగ్గర ఇప్పటికీ చెబుతాడు, ఇంటికొచ్చి తిట్లూ తింటాడు.

తడి గాలి ముఖానికి కొట్టేసరికి పిల్ల ముందు తుమ్మింది. తర్వాత గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపుకే కాసమ్మ కళ్ళు తెరిచింది. తల పగిలిపోతోంది, కాళ్ళు తనవి కావు. అయినా మొదటి మాట మొగుణ్ణి తిట్టడానికే వచ్చింది. "పసిగుడ్డుని వానగాలిలో పెట్టినావేటయ్యా?"  కూర్మయ్య కండువా మొహాన అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు. ఆమె తిడుతోంది, అంతకంటే ఆయనకేం కావాలి.

ఎవరో 108కి ఫోను చేశారు. అంబులెన్సులో ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టి బరంపురం తీసుకెళ్ళారు. రెండో రోజుకు పిల్ల పాలు తాగింది. మూడో రోజుకు గాయత్రి లేచి కూర్చుని ఆకలన్నది. ముగ్గురికీ ఇక భయం లేదని చెప్పాక, పిల్లల వార్డులో ఉండే పడుచు డాక్టరమ్మ కాసమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, పిన్నీ అన్నట్టు మావుసీ అని పిలుస్తూ ఒడియాలో ఓపిగ్గా చెప్పింది. బొగ్గు కాలుతుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుందట. దానికి రంగు లేదు, వాసన లేదు, కన్ను మండించదు. పొగ ఆగిపోయి నిప్పు ఎర్రగా ఉన్నప్పుడు కూడా అది వస్తూనే ఉంటుందట. మూసిన గదిలో చేరి, రక్తంలో ప్రాణవాయువు ఉండాల్సిన చోట తాను కూర్చుంటుంది. తలనొప్పి, వాంతి, మత్తు, ఆ తర్వాత మనిషే ఉండడు. ఒకే గదిలో ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి తల నొప్పి పుడితే కారణం వెతుక్కుంటూ కూర్చోకుండా వెంటనే బయటికి వచ్చేయాలని చెప్పింది.

కాసమ్మ అంతా విని, మరి ఇన్నేళ్ళూ ఎవరికీ ఏమీ కాలేదే అని అడిగింది. పాత ఇల్లు ఎలా ఉండేదని డాక్టరమ్మ అడిగింది. తాటాకు ఇల్లు, గోడలకు బీటలు, కప్పుకు కన్నాలు అని కాసమ్మ చెప్పింది. ఆ కన్నాలే మిమ్మల్ని కాపాడుతూ వచ్చాయంది డాక్టరమ్మ. అయినా అక్కడా ఎంతమందికి తల తిరిగిందో, మీరు దిష్టి అనుకుని ఉప్పు తిప్పి పారేశారేమో అని కూడా అంది.  మగతగా పడి ఉండే బాలింతలు, బాలింత వాతమని తాను కట్టిన తలగుడ్డలు ఒక్కొక్కటే కాసమ్మకు గుర్తొచ్చాయి.

ఇంటికి వచ్చాక ఆమె కుంపటి తీసి పెరట్లో పారేసింది. అక్కడితో ఆగితే బాగుండేది. పిల్లను ముట్టుకోవడం కూడా మానేసింది. ఎవరైనా చేతికి ఇవ్వబోతే తడి చేతులంటుంది, పనుందంటుంది. పిల్లకు నీళ్ళు పోయడానికి చిట్టమ్మ వచ్చేది. చిట్టమ్మది మంచి మనసే గానీ చెయ్యి కాస్త మోటు. పిల్ల ఏడుపు పేటంతా వినబడేది. కాసమ్మ వంటింట్లో నిలబడి, చీర చెంగు నోట్లో కుక్కుకుని వినేది. పిల్ల కోసం తన చేతులకు ఎంత ఆకలిగా ఉందో ఆమెకే తెలుసు. కూతురు గాలి కావాలని నోరు తెరిచి అడిగింది, తాను కసిరింది. ఆ చేతులతో మళ్ళీ పిల్లను ఎత్తుకునే యోగ్యత తనకు లేదని తీర్మానించుకుంది.

మాటలూ తగ్గిపోయాయి. కూర్మయ్యకు ఇల్లు ఇల్లులా లేదు. పోట్లాటైనా పెట్టుకుందామని ఒకరోజు పులుసులో ఉప్పు లేదన్నాడు. నిజానికి ఉంది. కాసమ్మ మారు మాట్లాడకుండా ఉప్పు డబ్బా తెచ్చి ముందు పెట్టింది. ఆయన బెంబేలెత్తిపోయి కంచం ముందు నుంచి లేచి, కూతురి దగ్గరికి వెళ్ళి మీయమ్మ సంగతి నువ్వే చూడాలని చెప్పాడు.

ఇరవయ్యొకటో రోజు వచ్చింది. ఒడియా వాళ్ళలాగే ఆ పేటలోనూ ఆ రోజు ఏకోయిశియా చేసి పిల్లకు పేరు పెడతారు. వాన వెలిసి ఎండ కాసింది. వాకిట్లో ముగ్గులు, వంటకు పెద్ద డేగిసాలు. అర్జున్ కేరళ నుంచి వచ్చాడు. వస్తూ అరచేతిలో పట్టేంత తెల్లటి పెట్టె ఒకటి తెచ్చి గాయత్రి గదిలో గోడకు బిగించాడు. ఆ వాయువు చేరితే అది గట్టిగా అరుస్తుందట. కూర్మయ్య దాన్ని కిందా మీదా చూసి, "మీ అత్త మాటాడ్డం మానీసింది కదా, ఆ పని ఇది సూసుకుంటాది గావాల" అన్నాడు. అందరూ నవ్వారు. కాసమ్మ అక్కడ లేదు.

పేరు పెట్టే ముందు పిల్లకు నూనె పెట్టి నీళ్ళు పోయాలి. చిట్టమ్మ పీట వేసుకుని సిద్ధంగా ఉంది. గాయత్రి పిల్లను ఆమెకు ఇవ్వలేదు. చీర కొంగు తలకు చుట్టుకుని, పిల్లను ఎత్తుకుని, ఇసకలో నడుచుకుంటూ ఒడ్డుకు వెళ్ళింది. అక్కడ కాసమ్మ ఎండబెట్టిన కవళ్ళ చేపలను తిరగేస్తోంది. తిరగేసినవే మళ్ళీ తిరగేస్తోంది. కూతుర్ని చూసి, బాలింతవు ఇంత దూరం ఎందుకొచ్చావని అడిగింది. 

గాయత్రి ఆమె ఎదురుగా ఇసకలో కూలబడింది.

"అమ్మా, నా మీద కోపమా?"

"నీ మీద ఏటి కోపమే? నా మీదే నాకు. కిటికీ తియ్యమన్నావు, తియ్యలేదు. గుంట ఊపిరి ఆగిపోతంటే, బజ్జుందనుకున్నాను."

గాయత్రికీ ఏడుపొచ్చింది. అయినా అనాలనుకుని వచ్చింది అనేసింది. "తెలీక సేసినావు. నాకూ తెలీదు. మరి వసుధ సంగతేటి? ఈ నెలలోనే కంటాది. దాని ఇల్లూ స్లాబే, కిటికీలూ అద్దాలే. నువ్వు ఎల్లకపోతే సిట్టమ్మత్త ఎల్తాది. తలుపులు మూసీసి కుంపటెడతాది. నువ్వు ఎల్లకుండా ఇంట్లో కూకున్న ఒక్కో పురుడుకీ ఒక కుంపటి లోపలికెల్తాది, సూసుకో."

వసుధ పక్క వీధి పిల్ల, నెలలు నిండి ఉంది. కాసమ్మ చేతిలోని చేపలు జారిపోయాయి. ఇన్నాళ్ళూ తన చేతులు పాపం చేశాయనే ఆలోచించింది గానీ, అవి ఊరికే ఉంటే ఇంకో ఇంట్లో ఏమవుతుందో ఆమెకు తట్టనే లేదు. కూతుర్ని ఓసారి, పిల్లను ఓసారి చూసింది. లేచి సముద్రం దగ్గరికి వెళ్ళి, చేపల వాసన పోయేదాకా చేతులు కడిగి, మళ్ళీ కడిగి, తిరిగి వచ్చి చేతులు చాచింది. గాయత్రి పిల్లను ఆ చేతుల్లో పెట్టింది.

ఇంటికి వచ్చేసరికి కాసమ్మ గొంతు ఆమె కంటే ముందే వాకిట్లోకి వచ్చింది. పెరట్లో పారేసిన కుంపటి తెప్పించి, తలుపుకు దూరంగా ఆరుబయట పెట్టించి, నీళ్ళు దాని మీదే కాచింది. సాంబ్రాణి కూడా బయటే వేయించింది. గదిలో కిటికీలు రెండూ బార్లా తీయించింది. బాలింతకు గాలి తగులుతుందని చిట్టమ్మ గొణిగితే, ఇంకో దుప్పటి కప్పుకుంటాది, కాళ్ళ దగ్గర వేడి నీళ్ళ సంచి గుడ్డ చుట్టి పెడతాను, పిల్ల తల్లి గుండెల మీద పడుకుంటాది, నిప్పు మాత్రం గడప దాటదని తేల్చి చెప్పింది. "వొదినా, నీకూ నాకూ ఇది తెలీకనే ఇన్నేళ్ళూ గడిసింది. ఇప్పుడు తెలిసింది. వసుధ పురుడుకి నువ్వూ నానూ కలిసే ఎల్దాం. అక్కడ కుంపటి లోపలెడితే నీ జుట్టు నా సేతిలో ఉంటాది." చిట్టమ్మ నవ్వి, ముందు ఈ పిల్లకు నీళ్ళు పొయ్యమంది.

కాసమ్మ గదిలో పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. నూనె అరచేతిలో పోసుకుంది.  పిల్లను కాళ్ళ మీద బోర్లా వేసి వీపు మీద చెయ్యి పెట్టింది. నోరు కూడా తెరుచుకుంది. మీ తాత నీకు ఊపిరి పోసినాడే, అది కూడా నా మాటలు చెవిన పడక చేసిన పనే అని మనవరాలికి చెప్పింది. కూర్మయ్య గుమ్మం దగ్గర నిలబడి ప్రతి మాటా విన్నాడు. ఆయన ముఖం చూస్తే, పేరు పెట్టేది ఆయనకేనేమో అనిపిస్తుంది.

స్నానం అయిపోయింది. పిల్ల ఏడవలేదు. పొడి గుడ్డ చుట్టాక అమ్మమ్మ కాళ్ళ మీదే నిద్రపోయింది. కిటికీ నుంచి వచ్చిన సముద్రపు గాలి చీర చెంగును ఎగరేస్తోంది. పేరు పెట్టే వేళ అయిందని, భోజనాలకు ఆలస్యమవుతోందని బయటి నుంచి పిలుపులొస్తున్నాయి. కాసమ్మ లేవలేదు. చిన్న చిన్న ఊపిరులు వచ్చి ఆమె మోకాలికి వెచ్చగా తగులుతున్నాయి. ఒకటి తగిలాక ఇంకొకటి తగిలేదాకా చూస్తూ కూర్చుంది. కాళ్ళు తిమ్మిరెక్కాయి, అయినా కదపలేదు. గాయత్రి వచ్చి పక్కన కూర్చుంది. ఏకోయిశియా భోజనాలు ఆ రోజు బాగా ఆలస్యమయ్యాయి.